ఇంకోసారి

చుట్టుగుంటలో షేర్ ఆటో ఎక్కగానే
నా పక్కనున్నవాళ్ళు కాస్త జరుగుతారు.
ఎవరూ ఏమీ అనరు.
ఒక తుమ్ము, ముక్కు మీదకి ఒక కొంగు, అంతే.
పదిహేడేళ్ళుగా మిర్చి యార్డులో కాటా గుమాస్తాని.
నా చొక్కాలో, నా రెప్పల్లో, పర్సులోని నోట్లలో
ఘాటు కాపురముంటోంది.

అదొక ఇబ్బందని మాకు తెలీదు,
హైమావతి గారు వచ్చేదాకా.

జిల్లా ఆఫీసు నుంచి ఇల్లు చూడ్డానికొచ్చారావిడ.
మెట్లకి రెయిలింగుందా అని చూశారు,
నీళ్ళ డ్రమ్ము మూత ఎత్తి చూశారు.
నేను మంచినీళ్ళు అందిస్తే
వరసగా నాలుగు తుమ్ములు.
"పసిబిడ్డ ఊపిరితిత్తులండీ" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ.
తిట్టలేదు. రాసుకున్నారు.

ఆ రాత్రే సలోమి పెరటి గోడకి మేకు కొట్టింది.
"ఇక నీ యార్డు ఇక్కడే ఆగిపోవాలి" అంది.
చొక్కా మేకుకి, స్నానం బయటి కుళాయి కింద,
ఆ తర్వాతే గడప.

పెళ్ళి సర్టిఫికెట్టు కోసం
చర్చి రిజిస్టరు పదకొండేళ్ళు వెనక్కి తిప్పారు.
స్టేషన్లో రైటరు "ఏం కేసు?" అన్నాడు.
"బిడ్డ కేసండీ" అన్నాను.
తలెత్తి చూసి, కుర్చీ చూపించాడు.

ఫారంలో ఒక్కచోట నా పెన్ను ఆగింది.
ఆడా, మగా, ఎన్ని నెలలు,
ఆరోగ్యం ఎలా ఉంటే సమ్మతం.
రోజంతా నేను చేసే పనే కదా!
ఇది తేజ, ఇది బాడిగ, ఇది తాలు, పక్కకి తియ్యి.
పిడికెడు కాయ గలగలలాడిస్తే చాలు
తేమెంతో చెప్పేస్తాను.
ఆ గడి దగ్గర మాత్రం
చెయ్యి లేవలేదు.
సలోమి పెన్ను లాక్కుని "ఎవరైనా" అని రాసింది.
అలా రాయకూడదట, టిక్కులు పెట్టాలట.
అన్నిటికీ పెట్టింది.

పెదనందిపాడు నుంచి చిన్నత్త ఫోను.
"విత్తనం ఏ ఊరిదో తెలీకుండా ఎట్టారా?"
నారుమడిలోనే ఉండిపోయి కాసిన మిరప మొక్కని
నేనింతవరకు చూళ్ళేదత్తా, అన్నాను.
లైను కట్టయిందో, తనే కట్ చేసిందో.

సలోమి ఇప్పుడు రాత్రి రెండింటికి అలారం పెట్టుకుంటోంది.
లేచి, నీళ్ళు మరగబెట్టి, సీసా ఉడికించి,
ఎవరికీ పట్టకుండానే ఆరబెట్టి పడుకుంటుంది.
అలవాటవ్వాలి కదా, అంటుంది.
నిన్న స్టవ్ ముందు నిలబడి, నావైపు తిరక్కుండానే,
"ఎక్కడో ఒకామె
పాలు ఇంకిపోవాలని రొమ్ములకి గుడ్డ బిగించి కట్టుకుంటుంది.
మనకి ఫోనొచ్చేది అదయ్యాకే" అంది.
ప్రార్థనలో చెప్పడానికి పేరు తెలీదు కాబట్టి
"ఆమె" అనే అంటోంది.
ప్రభువుకి తెలుసట.
నేను స్టవ్ కట్టేశాను.

నలభై కిలోల టిక్కీని
కాటా ఎక్కకముందే చేత్తో ఎత్తి చెప్పగలను,
అరకిలో అటూ ఇటూ.
నాలుగు కిలోలంటే ఎంతో తెలీలేదు.
నల్లచెరువు మూడో లైన్లో, సుభానీ కొట్లో
నాలుగు కిలోల కందిపప్పు కట్టించి
రెండు చేతుల్లోకి తీసుకున్నాను,
తల ఉండే వైపు మోచేతి వంపులోకి.
"తక్కువుందనుకుంటున్నావా?" అన్నాడు సుభానీ, కాటా చూపిస్తూ.
లేదు భాయ్. చాలా ఎక్కువుంది.

కోల్డ్ స్టోరేజీలు నిండాయి.
యార్డుకి వేసవి సెలవులిచ్చారు, మళ్ళీ తీశారు.
జాబితాలో మా నంబరు
ఎడ్లబండిలా కదుల్తోంది.

ఇవాళ మజ్జిగతో కడిగాను చేతులు,
కొబ్బరినూనె రాసి సున్నిపిండితో రుద్దాను, ఆఖర్న సబ్బు.
గోళ్ళ సందుల్లో పదిహేడేళ్ళు.
సలోమి నా చూపుడువేలు పట్టుకుని
మూసిన తన కంటిరెప్ప మీద పెట్టుకుంది.
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.
పక్కింట్లో కుక్కర్ విజిల్, ఒకటి, రెండు.

"కొంచెం చురుక్కుమంది" అంది
కన్ను తెరవకుండానే.
"పో, ఇంకోసారి."