మేట

వాన వెలిసిన మూడో రోజు
కొలబద్ద పట్టుకుని వాగులోకి దిగాను.
వోల్లో కొండల్లో, తీగబుట్టల్లో బిగించిన రాళ్లకట్ట వెనక
ఒండ్రు ఎర్రగీత దాటింది.

దిగువన, రెండు కొండలవతల, పెద్ద జలాశయం.
దాని కడుపు పూడకూడదనే
ఈ పైవాగులకిన్ని అడ్డుకట్టలు.
నిండడమే వీటి పని.
నిండాక వీటికి పని లేదు.

యెషిమెబెత్ గట్టు మీద గొంతుక్కూర్చుని
చిటికెడు మట్టి తీసి నాలుక చివర పెట్టుకుంది.
"ఇది మా పైచేనుదే.
నిరుడు టెఫ్ గింజ చల్లిన మర్నాడే పోయింది, గింజతో సహా.
ఆ నల్లది మా మరిది అస్రెస్‌ది.
సరిహద్దు రాయి కాడ తగువు,
పదేళ్లుగా మాటల్లేవు.
చూడు, ఎలా ఆనుకుని పడుకున్నాయో!"

పుస్తకంలో రాసుకున్నాను:
మీటరూ నలభై. కట్ట ఎత్తు పెంచాలి.
మట్టి ఎవరిదో రాసే గడి అందులో లేదు.

మలుపు దగ్గర వెనక్కి చూస్తే
ఆమె చెప్పులు గట్టున వదిలేసి
మడమల దాకా దిగబడుతూ
జొన్నలు చల్లుకుంటూ వస్తోంది.

నల్లది మొదలైన చోట ఆగింది.
గుప్పిట్లో ఇంకా గింజలున్నాయి.