మధ్యాహ్నపు కొలత

ఎండాకాలం మావ్రోనేరి నది మోకాలు తడపదు.
మార్చిలో మంచు కరిగిందంటే
కంచరగాడిదని మూటలతో సహా మింగేస్తుంది.
మా ఎపిరస్ కొండల్లో వంతెన కట్టేవాడు
నదిని మార్చిలో చూసి ఉండాలి.

పిండిమర యజమాని థియోఖారిస్ డబ్బిచ్చాడు,
పుణ్యానికి కాదు, పిండి అవతలి ఒడ్డుకి చేరాలని.
మేస్త్రీ స్టెర్యోస్ పదిహేడు మందితో దిగాడు.
వాళ్లది వాళ్లకే తెలిసిన భాష,
అందులో రొట్టెకి ఏడు పేర్లు,
కూలికి ఒకటే, అదీ తిట్టు.

ముందు చెక్కతో కట్టారు వంతెనని.
ఆ దుంగల అర్ధచంద్రం మీద రాయి పక్కన రాయి,
పైకి వెడల్పు, కిందికి సన్నం.
కమాను అంటే మరేం కాదు,
అందరూ ఒకేసారి పడబోయి
ఒకరికొకరు అడ్డం పడిపోవడం.

సున్నంలో మేకబొచ్చు, గుడ్ల తెల్లసొన.
ఆ ఏడు ఈస్టర్‌కి ఊళ్లో ఒక్క ఎర్రగుడ్డూ లేదని
మా ముత్తవ్వ పోలిక్సేని చచ్చేదాకా సణిగిందట.

రెండుసార్లు కూలింది.
మూడోసారి థియోఖారిస్ గొంతు తగ్గించాడు:
"ఒక నీడ కావాలి."
దారిన పోయేవాళ్ల నీడని తాడుతో కొలిచి
తాడుని పునాదిలో మూసేస్తే వంతెన నిలుస్తుంది,
కొలతకి చిక్కిన మనిషికి ఏడాది తిరగదు.
ఎదురుగా మేకల్ని తోలుకుంటూ పోలిక్సేని.
పదకొండేళ్లు. కాళ్లకి చెప్పుల్లేవు.

స్టెర్యోస్ ఆకాశం వంక చూశాడు.
"పొద్దు వాలితే తాడు చాలదు.
నడిమధ్యాహ్నం కొలుద్దాం."
జూన్ నెల. నెత్తిమీద సూర్యుడు.
నీడ మూరెడైనా లేదు.

మరో మూడు బారలు,
అసలు బండ తగిలేదాకా
పునాది తవ్వించాడు ఆ వేసవంతా.
ఆ సంగతి ఎవరూ కథగా చెప్పుకోరు.

చెక్కలు విప్పే రోజు
కమాను కింద చాప పరుచుకుని పడుకున్నాడు.
రాయి ఒక్క వేలెడు దిగింది.
ఆగింది.
గాలి ముదిరితే మోగడానికి
నడినెత్తిన గంట కట్టారు.

పోలిక్సేని తొంభై ఒకటి దాకా బతికింది.
దాటినప్పుడల్లా మధ్యలో ఆగి
"నా మూరెడు నాకియ్యి" అని నదిలోకి ఉమ్మేది.

పోయిన నెల మరమ్మతుకి
నడుముకి తాడు కట్టుకుని నేనే దిగాను.
పునాది రాళ్ల మధ్య ఒక సందు, వేలు దూరేంత.
చూడొచ్చు. చూడలేదు.
సున్నం కూరాను, గట్టిగా, రెండు పూతలు.
పైకొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం,
తోటివాళ్లు అన్నానికి పిలుస్తున్నారు.