నిల్వ

రోహిణి కార్తెల స్వెట్టరేసుకునే మనిషి
వరంగల్ మొత్తంల నేనొక్కన్నే కావచ్చు.
ఏనుమాముల రోడ్డు మీద తారు చెప్పులకు అంటుకుంటాంటది,
నేను ఇనుప తలుపు తీసి
చలికాలంలకు నడుస్త.

లోపల ఐదు డిగ్రీలు.
చీకట్ల అంతస్తులు అంతస్తులుగ మిర్చి బస్తాలు.
తేజ, వండర్ హాట్, ఆ అవుతల చపాట.
ఎవరి పంట వాళ్ల చీటీ కట్టుకోని
రేటు కోసం పండుకున్నది.
బయట పెడితే రెన్నెల్లకు రంగు దిగుతది,
ఈడ ఉంటే ఏడాదైనా
కోసిన నాటి ఎరుపే.

నా పిలుపు గూడ కోసిన నాటిదే.
నెక్కొండ అవుతల, అమ్మతోని కూలికి పోయి
మిరపతోటల వంగి ఏరుతాంటే
ఎన్కకెల్లి ఎవరో పేరు పెట్టి పిలిచిండ్రు.
తిరిగి చూస్తే సాలు. సాలు చివర ఎండ.
"ఏందిరా?" అన్నది అమ్మ.
"ఏం లేదు" అన్న.
పిలుపు తర్వాత నా మొదటి మాటే అబద్ధం.

అయ్యగారు తల మీద చెయ్యి పెట్టి
"వాక్యం చెప్పుటానికే పిలిచిండు, సమయం రానీ" అన్నడు.
రానిచ్చిన.
అయ్యగార్లు నలుగురు మారిండ్రు.
చాపలు పరిచిన, మైకు సెట్టు మోసిన,
కానుక సంచి పట్టుకోని వరుస వరుసకు తిరిగిన.
పీఠం మీదికి ఒక్కపారి ఎక్కిన,
ఫ్యాను తుడుసుటానికి.

సుగుణమ్మ తొడిమలు తీసి వచ్చి
మండే చేతులు మజ్జిగల ముంచుకుంట అంటది:
"దేవునికి పనులెక్కువ,
ఓసారి యాది జెయ్యరాదు?"
ఇరవై ఆరేండ్లు, రోజూ యాది జేసిన.
రాసుకున్న ప్రసంగం ఒక్కటే,
మడతల కాడ చినిగి నాలుగు ముక్కలైతే
అన్నం మెతుకులతోని అతికిచ్చిన.

నమ్మకం లేదనను.
రేటు రాకముందే తీసినోడు మునుగుడు
రోజూ చూసేటోన్నే.
కని ఒక మాట చెప్పాలె.
రెండో ఛాంబర్ల, మూలకు,
లాట్ నాలుగు వందల పదిహేడు ఉన్నది.
మూడేండ్లాయె, ఎవరూ రాలే.
కిరాయి సరుకు ధరను దాటింది.
సేటు ఫోన్ కొడితే ఆ నంబర్ లేనే లేదంటది.
రౌండుకు పోయినప్పుడల్లా టార్చి ఏసి చూస్త.
ఇంకా ఎర్రగనే ఉన్నది.
ఆడ నిలబడి నేను చేసేది
గుడిసెల చేసే ప్రార్థన లెక్క ఉండది.
"ప్రభువా, చీటీ నీ దగ్గరున్నదా?"
అంతే.

మొన్న శనివారం రాత్రి
రేగొండ దిక్కు రైతు, పేరు మొగిలి,
ఇరవై బస్తాలు తీపిచ్చి ట్రాలీకెత్తిచ్చిండు.
క్వింటాలుకు నాలుగు వేలు తక్కువకు మాట్లాడుకున్నడట.
విత్తనాలకు పైసలు గావాలె,
మిరుగు నాలుగొద్దులల్ల ఉన్నది.
ట్రాలీ పోయింది. ఆయన పోలే.
కాంటా అరుగు మీద కూసున్నడు.
"ఇంటికి పోబుద్ధైత లేదే" అన్నడు.

జేబుల కాగితం ఉన్నది.
ఎదురుంగ ఒక మనిషి, వినుటానికి.
ఇన్నేండ్ల సంది అడిగింది ఇదే గదా.
చెయ్యి జేబు దాక పోయింది.
ఒక్క వాక్యం నోట్లకు రాలే.
స్వెట్టర్ ఇప్పి ఆ అరుగు మీద పరిచిన,
పక్కకు కూసున్న.
ఫ్లాస్కు మూతల చాయ్ ఆయనకు, అడుగుది నాకు.
ఘాటుకు ఇద్దరం దగ్గినం.
బిడ్డ చదువు చెప్పిండు, ఎండిన బోరు చెప్పిండు,
సగం మాట కాడ ఊకున్నడు.
దూరంల గూడ్సు బండి కూత పెట్టి
శానాసేపు ఆగి
పోయింది.

మబ్బుల్నే లేసి పంచె దులుపుకుంట
"నీ పేరేంది?" అన్నడు.
చెప్పిన.
మర్చిపోవద్దని ఆయన మెల్లగ అనుకున్నడు,
"జీవరత్నం."
నా మెడ ఎన్క వెంట్రుకలు లేసినయి.
గేటు దాక పోయి మళ్ల తిరిగి
"రేపు గూడ ఈడనే ఉంటవా?"
"ఉంట" అన్న.

తెల్లారి ఆదివారం. చాపలు పరిచిన.
కాగితం జేబుల్నే ఉన్నది.
నాలుగు వందల పదిహేడు చీటీ చెమ్మకు చినిగింది,
రేపు కొత్తది రాసి
గట్టిగ కట్టాలె.