నొక్కని ఒకటి

దర్గా సర్కిల్ కాడ నా రీచార్జి బంకు.
మూడడుగుల వెడల్పు, పైన రేకు,
లోపల నేను, ఒక టేబుల్ ఫ్యాను,
సగం చిత్తూరు బ్యాలెన్సు.

పొద్దుగూకే యాళకు చెంగమ్మ వచ్చినాది.
గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి కోసి కోసి
సొన కాల్చిన వేళ్ళు.
సీజనైపోయి రెండు నెలలైనా
కొత్త చర్మం ఇంకా పూర్తిగా రాలేదు.
బటన్ల ఫోను బల్ల మీద పెట్టి
"అబ్బోడా, దీంట్లో ఎవురో పాట పాడతా ఉండారంట.
నాకు తప్ప అందరికీ ఇనపడతాదంట" అనింది.

చూసినాను.
జూన్ నుంచి నెలకు ముప్పై, నాలుగు సార్లు.
ఎలక కొరికిన గోతాంలో వడ్ల మాదిరి
మోసినంత దూరమూ కారిపోతానే ఉండాది.
గోతాం నింపింది నేనే.
నా కమీషను నాకు వచ్చేసింది.

దొరస్వామి పోయిన దినం
గుడియాత్తం నుంచి ఆడబిడ్డ ఫోన్ చేసినాదంట.
డోలు, సన్నాయి, ఆపైన ఆడామగా సరసం.
"మా అన్న శవం లేవకముందే
నీకు పెండ్లిపాట కావల్సొచ్చిందా" అని
కర్మాంతరానికి గూడా రాలేదు.
ఏ పాటో చెంగమ్మకు తెలీలేదు.
ఆమె చేతిలో అది ఎప్పుడూ
గిర్రుమనే కదా మోగింది.

కంపెనీకి కొట్టినాను.
ఇస్త్రీ చేసిన గొంతొకటి పలికింది:
"మీ సమ్మతి మా వద్ద నమోదై ఉందండి.
జూన్ పదకొండు, తెల్లవారుజామున
మూడు గంటల పన్నెండు నిమిషాలకు
మీరు ఒకటి నొక్కారు."

చెప్పినాను. చెంగమ్మ గోడమీది క్యాలెండరును
వెనక్కి తిప్పించి చూసినాది.
"ఆ రాత్రేనా?
పెద్దాస్పత్రిలో ఆయన తల నా ఒళ్ళో ఉండె.
రెండు చేతులా పట్టుకోనుంటిని.
యా చేత్తో నొక్కింటా ఒకటి?"

నాకు జవాబు రాలేదు.
నా సెల్లు తీసి ఆమె నంబరు కొట్టి
ఆమె చెవికే పెట్టినాను.
బల్ల మీద ఫోను గిర్రుమంటా ఉండాది,
చెవిలో పెండ్లి జరగతా ఉండాది.
దానికదే ఆగిపోయేదాకా
చెంగమ్మ కదల్లేదు.

"నేను పనికి పోతే వార్డులో నుంచి చేస్తా ఉండె.
మొదటి గంటకే పరిగెత్తి ఎత్తుతా ఉంటి.
'అంత బిరీన ఎత్తేస్తావేమే' అనేవాడు.
తిడతా ఉండాడనుకొని
నేనూ రెండు మాటలు అనేదాన్ని."

ఏడుస్తాదేమో అని
నేను ఫ్యాను పక్క చూస్తా కూర్చుంటిని.

ఏడవలేదు. నా సెల్లును
కొంగుతో తుడిచి తిరిగిచ్చినాది.
"ఆపేయమను.
ఆయన ఇన్న నెలది ముప్పై, పోనీ, ఉంచుకోమను.
తక్కిన తొంభై నాకు రావల్ల."

మళ్ళీ కొట్టినాను.
"దయచేసి లైన్‌లో వేచి ఉండండి."
ఉండాం ఇద్దరమూ, మధ్యన స్పీకరు.
కాట్పాడి బస్సు ఒకటి పోయింది, ఇంకొకటి పోయింది.
బంకులో లైటేసినాను.

ఇక్కడ గూడా ఏదో పాటే పెట్టినారు.
మేమిద్దరమూ అడగలేదు.