పదిహేను కిలోలు

సంచి మెత్తగా ఉండాలట, చక్రాలు ఉండకూడదట,
కెమెరాతో సహా పదిహేను కిలోలు దాటకూడదట.
లువాంగ్వా లోయకి పోయే ఆ విమానానికి
పొట్ట చిన్నది.

మత్తికెరెలో రెండో అంతస్తు. భోజనాల బల్ల మీద
నేనూ కాత్యాయనీ జాంబియాను పరిచాం.
నాలుగు మూలలా నాలుగు బరువులు:
ఉప్పు డబ్బా, కళ్లజోడు పెట్టె, తాళాల గుత్తి, నా మోచెయ్యి.
ఫ్యాను గాలికి దేశం లేచి లేచి పడుతోంది.

టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఇద్దరం ఒకే వరసలో కూర్చునేవాళ్లం,
తలకి ఇనుప కమ్మీ, చేతుల్లో తీగలు.
హుబ్బళ్లి, బళ్లారి, గూటీ, గుంతకల్లు,
ఏ ఊరికి ఏ కోడో నిద్రలో అడిగినా చెప్పేవాళ్లం.
ఈ పటంలో నదికి పేరుంది.
నది అవతల జానెడు తెల్లటి చోటు.
దానికి కోడు లేదు.

నీలం వేసుకోవద్దు, నలుపు వేసుకోవద్దు,
ట్సెట్సీ ఈగకి ఆ రంగులంటే ప్రాణమట.
కాత్యాయని బీరువా తెరిచి నిలబడిపోయింది.
ఉన్నవన్నీ నీలాలే.
"ముప్పై ఏళ్లుగా ఒక్కరూ చెప్పలేదే," అంది,
"ఈ రంగు ఎవరికో ఇంత ఇష్టమని."

జూనా, అక్టోబరా అని మూడు రాత్రులు వాదులాడుకున్నాం.
జూన్లో చలి, ఎత్తుగా గడ్డి.
అక్టోబరులో మాడు పగిలే ఎండ, నది ఎండి ఎండి
నీటిగుర్రాలన్నీ ఒకే మడుగులో ఇరుక్కుని
సాయంత్రం మెజెస్టిక్ బస్టాండులా కసురుకుంటాయట.
అక్టోబరే, అన్నాను.
అలవాటైన గుంపు.

మలేరియా మాత్రలకి పిచ్చికలలు రావచ్చన్నాడు డాక్టరు.
"ఎలాంటివి?" అని కాత్యాయని
కాస్త ఆశగానే అడిగింది.

సంచి తూచడానికి మునిరాజు పాత పేపర్ల అంగడికి మోసుకెళ్లాం.
పదిహేడున్నర.
రెండో జత చెప్పులు తీశాం. లావు పుస్తకం తీశాం.
అటుకుల మిక్చరు పొట్లం తీసి,
కాత్యాయని మొహం చూసి, మళ్లీ పెట్టాను.
"యాడికమ్మా, ధర్మస్థలకా?"
"ఇంకొంచెం దూరం."
"ఉండేదానికి రూము ఉందా ఆడ?"
"డేరా."
"ఏనుగొస్తే?"
"ఈల ఇస్తారట. ఊదాలట."
మునిరాజు నవ్వలేదు.

మన బరువూ అడిగారని అప్పుడు గుర్తొచ్చి
చెప్పులు విడిచి నేనే కాటా ఎక్కాను.
పేపరు కట్టలకి అలవాటైన ఇనుప పలక
ఒకసారి ఊగి, ఒప్పుకుంది.
డెబ్బై ఒకటి.
బిల్లు పుస్తకంలో చీటీ చించి రాసిచ్చాడు.
రేటు చెప్పలేదు.

ఇంటికొచ్చాక ఫారంలో ఒక్క గడే మిగిలింది:
అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి?
నేను కాత్యాయని పేరు రాశాను. తను నా పేరు రాసింది.
రెండు ఫారాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం.
ఒకే జీపు, ఒకే డేరా,
వస్తే ఒకే ఏనుగు.

నవ్వొచ్చింది. తర్వాత ఆగిపోయింది.
పక్కింటి కుక్కరు మూడోసారి కూసింది.
ఎంతమందిని ఎంతమందికి కలిపాం ఈ చేతుల్తో,
కాన్పులకి, చావులకి, వేరుశనగ ధరలకి,
మూడు నిమిషాలయ్యాయి, పొడిగించమంటారా అని
మధ్యలో దూరి అడిగి అడిగి.
ఇప్పుడు ఒక్క నంబరు కోసం
ఇద్దరం రెండు పెన్నులు పట్టుకుని.

నా బరువు చీటీ బల్ల మీదే ఉంది.
పైన ఎర్ర అచ్చులో:
మునిరాజు, పాత పేపర్లు, ఇనుము, సీసాలు.
కింద పది అంకెలు.

ఒక్కో అంకే పలికి రాసుకున్నాం,
పాత పద్ధతిలో, ఒకరు చెప్పి, ఒకరు తిరిగి చెప్పి.
సంబంధం అన్న గడి దగ్గర నా పెన్ను ఆగింది.
కాత్యాయని లాక్కుని రాసింది:
తూచిన మనిషి.

రేపు పొద్దున్నే వెళ్లి ఆయనకి చెప్పాలి.
ఒప్పుకుంటాడో, లేదో.

దీపం ఆర్పాక అవతలి గదిలో
జిప్పు లాగిన చప్పుడు,
ఏదో తీసి, ఏదో పెట్టి, మళ్లీ తీసి.
మిక్చరు పొట్లమే అయ్యుంటుంది.