ఇన్ టెంట్స్

నా చేతిరాతకు దేవరకొండల పేరుంది,
నా చెవులకు లేదు.
తెలుగైతే కండ్లు మూసుకొని రాస్త.
ఇంగిలీషు మాత్రం
ఎవరి నోట్లె ఎట్ల పలికితే అట్ల గోడకెక్కిచ్చిన.

బస్టాండు ఎనక ఈదయ్య సైకిల్ షాపు మీద
'ఫిట్ యాజ్ ఎ పెడల్' అని రాసింది నేనే.
ఖుర్షీద్ టీచర్ ఆటో ఆపిచ్చి దిగింది.
"చారీ, అది ఫిడేలు. పెడల్ కాదు."
ఈదయ్య రెంచీ కింద పెట్టకుంటనే అన్నడు:
"ఫిడేలుకు పంచరైతే నా దగ్గరికెవరొస్తరమ్మా?"

చర్చి గోడ మీద ఇంకొకటి.
పాస్టర్ యేసుపాదం ఫోన్ల చెప్పిండు,
డిండి కాడ సిగ్నల్ తెగుతాంది, అతుకుతాంది:
'బ్లెస్సింగ్ ఇన్ ద స్కైస్.'
నీలం మీద తెల్లగ దించిన.
"డిస్‌గైజ్, నాయనా.
మారువేషంల వచ్చే దీవెన" అన్నది టీచర్.
ఆ యేడు మిర్గం ఒట్టిగ పోయింది, ఆరుద్ర పోయింది,
పత్తి ఇత్తులు రెండుమాట్ల భూమిలనే మాడినయ్.
గోడ ముందటికెళ్లి పోయెటోళ్లు
కూడబలుక్కుంట చదివి
తలెత్తి పైకి చూసెటోళ్లు.
ఎట్ల చెరుపుదు?

ఒక్కటి మాత్రం సరిగ్గ రాసిన.
ఖాజా మెకానిక్ షెడ్డు, 'బైట్ ద బుల్లెట్.'
"అంటే బండిని కొరుకుడా?" అని అడిగిన.
ఎన్కట లడాయిలల్ల
మత్తుమందు లేని డేరాల
కాలు కోసేటప్పుడు
సిపాయి పండ్ల నడుమ తూటా పెట్టెటోళ్లంట.
"నిజమో కాదో ఎవరికెరుక, అట్ల చెప్పుకుంటరు."
నాకు మా నాయిన యాదికొచ్చిండు.
కొలిమి కాడ బండిచక్రం కాలు మీద పడ్డనాడు,
కట్టు కట్టెటాయన ఎముకను గుంజుతుంటె,
నోట్లె కుక్కుకున్న తువ్వాల,
దాని మీద పండ్ల గాట్లు.
అమ్మ ఉతికి దండెం మీద ఆరేసింది.
తెల్లారి మల్ల దాంతోనే మొగం తుడుసుకున్నడు.
మా ఇంట్ల ఆ ముచ్చట
సామెత దాంక రాలేదు.

ఇగ రూప్లా నాయక్ టెంట్ హౌస్.
"టీచరమ్మ మీటింగుల ఒక మాటన్నది చారీ,
మన దుక్నం మాటే!" అని ఉరికొచ్చిండు.
'ఫర్ ఆల్ ఇన్ టెంట్స్ అండ్ పర్పసెస్.'
ఎర్ర అక్షరాలు, పసుపు నీడ,
కింద తెలుగుల సన్నగ:
పెండ్లికి, పురుడుకు, దినాలకు.
టీచర్ శానాసేపు నిలబడి చూసింది.
"ఒక్క అక్షరం తప్పు లేదు చారీ.
ఇన్‌కు, టెంట్స్‌కు నడుమ సందు పూడ్చు, చాలు,
ఉద్దేశాలు అయితది."
"రేపు పూడుస్త మేడం."

ఆ రేపు పదకొండేండ్లు.
ఈ నడుమ ఫ్లెక్సీ మిషన్లొచ్చినయ్.
మిషన్లకు చెవులు లేవు, అవి తప్పు వినవు.
నా కుంచెలు డబ్బాల్నే కట్టెలైనయ్.

మొన్న ముసురుల టీచర్ పోయింది.
ఎవరు చెప్పకముందే రూప్లా గుంజలు పాతిండు,
పైసల మాట ఎత్తలే.
జనాజా లేవకముందు
గుడ్డ మీద నిలిచిన నీళ్లను
ఖాజా కట్టెతోని పొడిచి వంపుతుండె.
ముందటి గుంజకు నా రేకుబోర్డు,
రంగు వెలిసింది గని సందు వెలవలేదు.

టీచర్ దగ్గర ట్యూషన్ చదివిన పిల్లంట,
చెప్పులు చేతుల పట్టుకొని
వానలనే నిలబడి బోర్డు చదివింది.
నవ్వు రాబోయింది, చున్నీ అడ్డం పెట్టుకున్నది.
"అంకుల్, గా నడుమ గ్యాప్..."

ఎరుకనే బిడ్డా, అన్న.
లోపలికి రా, తడుస్తున్నవ్.