ఏడో డెక్కు, ఎడమవైపు

అలమరకు అడ్డంగా ఒక ఇత్తడి కడ్డీ ఉండేది,
తుఫాను వేళ పుస్తకాలు దూకకుండా.
వడ్రంగి దల్మాసియో దాన్ని
సోమవారం సోమవారం నిమ్మచెక్కతో తోమేవాడు,
ఎవరూ చెప్పకుండానే.

కాడిజ్ రేవులో ఓడను నీళ్లలోంచి తీసి
ఆరబెట్టిన పదహారు రోజుల్లో
ఆ కడ్డీ విప్పమని అతనికే చీటీ వచ్చింది.
చీటీలో లైబ్రరీ అన్న మాట లేదు.
'ఏడో డెక్కు, ఎడమవైపు,
నలభై రెండు చదరపు మీటర్లు,
ఆదాయం సున్న.'

మూడు టన్నుల పైచిలుకు తూగిందట.
అంత బరువు దిగితే అంత నూనె మిగులుతుందని
ఇంజనీరు మురిసిపోయాడు.
నేను లాండ్రీవాణ్ణి.
నాకు తడి బరువు తెలుసు, పొడి బరువు తెలుసు,
చదివిన పుస్తకం చదవనిదానికన్నా
ఎంత ఎక్కువ తూగుతుందో తెలీదు.
కానీ మోశాను.
మోస్తుంటే రాలినవి:
రేవు పేరు చెరిగిన బోర్డింగు పాసులు,
కళ్లద్దాల కాడ ఒకటి, ఎండిన చేపముల్లు.
ఒక పేజీ అంచున పెన్సిలుతో ఏదో నార్వే మాట.
అడిగితే 'అబద్ధం' అని అర్థమట.

పరుల చేతికెళ్లిన పుస్తకం
పోయినట్టే అంటారు.
అక్కడ మాత్రం పోయింది తిరిగొచ్చేది.
రిజిస్టరు లేదు, జరిమానా లేదు.
ఒకటి పట్టుకుపోయి రెండు వదిలేవాళ్లు.
చెత్తగదికి పోగా నాలుగు సంచులు
మేం కిందికి దాచుకున్నాం.

ఇప్పుడక్కడ వైన్ రుచి చూపించే బారు.
దల్మాసియో చేతులే బిగించాయి.
అరలు అదే కొలత, సీసాలు వెల్లకిలా పడుకుంటాయి.
ఎక్కేవాళ్ల ఒళ్లో వెయ్యి పుస్తకాలు పట్టే పలక.
దాన్ని నేను తప్పు పట్టను,
మా ఆవిడ మొహం నేనూ అలాంటిదాంట్లోనే చూసుకుంటాను.

జనవరిలో, బెర్గెన్‌లో, ఇంగెబ్యోర్ ఎక్కింది.
ఎనభై దాటిన మనిషి.
ఏటా ఇదే ఓడ, ఇదే వారం,
ఏటా ఒకే పుస్తకం, ఇరవై పేజీలు.
ఒడ్డున కొనుక్కోవచ్చు కదా అంటే
'ఒడ్డున నాకా కథ పట్టదు' అనేదట.
బారు కుర్రాడు నీళ్లు నమిలాడు.
నలుపు తెలుపు గళ్ల బొమ్మ ఒకటి చూపించి
'దీని మీద ఫోను పెట్టండి, అన్నీ ఉన్నాయి' అన్నాడు.
తాళమేసిన కిటికీని చూసినట్టు
ఆ గళ్లని చూసి ఆమె వెళ్లిపోయింది.

మూడో రోజుకి ఆ మాట మెట్లు దిగి
నీళ్ల మట్టం కిందున్న మా దాకా వచ్చింది.
నీలి అట్ట, మీద కొంగ బొమ్మ,
రెండొందల పన్నెండో పేజీ.
నా గుండె జారింది.
ఆ నీలి అట్ట
నాలుగో మిషను కుంటికాలి కింద ఉంది.
నేనే పెట్టాను. సరిగ్గా సరిపోయింది మరి.

దల్మాసియో నన్నేమీ అనలేదు.
ప్లైవుడ్డు ముక్క కోసుకొచ్చి, కాలెత్తి, మార్చాడు.
అట్ట మీద, కొంగ మెడ దగ్గర, గుండ్రటి గుంట.
సన్న సెగ మీద, మధ్యలో గుడ్డ వేసి
ఏ కెప్టెన్ చొక్కాకీ పెట్టనంత మెల్లగా
ఇస్త్రీ పెట్టాను.
గుంట పోలేదు.

ఆమె ఆ గుంటని వేలితో తడిమింది.
ఏమైందని అడగలేదు.
మిగిలిన నాలుగు రోజులూ
బారులో, సీసాల మధ్య కూర్చుని చదివింది.
ఈసారి పన్నెండు పేజీలే.
చూపు తగ్గిందో,
కావాలనే మిగుల్చుకుందో.

ట్రామ్సో ఇంకో గంటలో వస్తుందనగా
దల్మాసియోని పిలిపించింది.
వెనకే నేనూ వెళ్లాను, బల్లగుడ్డలు మార్చే వంకతో.
'దీన్ని ఎక్కడ పెట్టాలి?' అంది.

అతను గదంతా చూశాడు,
తాను బిగించిన ప్రతి అరనీ.
అంతలో ఓడ కాస్త ఒరిగింది.
పుస్తకం బల్ల మీద ఆమె వైపు జారింది.
ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.
మళ్లీ ఒరిగితే అతని వైపు.
అతను అడ్డం పెట్టాడు.
అరచేతికి ఇంకా
నిమ్మకాయ వాసన.